విరామానికి ఐదు నిమిషాల ముందు

నా పేరు డిలిస్.
స్వాన్సీలో, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డ పాత నాటకశాలలో
ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఐస్‌క్రీం అమ్ముతున్నాను.
పళ్ళెం మెడకి తగిలించుకుని, చిల్లర సంచీ నడుముకి కట్టుకుని
విరామానికి ఐదు నిమిషాల ముందు
పక్క తలుపు సందులోంచి చీకట్లోకి జారుకుంటాను.

అంచేత నాకు మొదళ్ళు తెలియవు.
రెండో అంకం అసలే తెలియదు.
నాణేలు లెక్కపెట్టి, కుర్చీల కింది చెంచాలు ఏరి,
ఫ్రీజరు తుడిచేసరికి పైన అంతా అయిపోతుంది.
నాకు తెలిసిందల్లా
కథ కొండెక్కే ఆ ఐదు నిమిషాలే.
దీపాలూ అప్పుడే కొండెక్కుతాయి.

డబ్బాల్లో చేపలు కుక్కే ఆడవాళ్ళు పని మానేసి
ఒక్కొక్కరే ముందుకొచ్చి ఎవరి పాట వాళ్ళు ఎత్తుకున్నారొకసారి.
తల్లిదొక వరస, కూతురిదొక వరస,
పెళ్ళి కుదిరిన పిల్లది ఇంకొకటి,
అడుగున మేస్త్రీ గొణుగుడు.
కాసేపు ఏది ఎవరిదో తెలియని సంత.
ఉన్నట్టుండి నాలుగు పాయలూ ఒకే జడ.
జడ కొసన ఒక్క గొంతు మిగిలింది.
ఆ పిల్ల అంత ఊపిరి ఎక్కడ దాచుకుందో గానీ
నా పళ్ళెంలో చెక్క చెంచాలు గలగలలాడాయి.

ఇంకోసారి నిజం రైలింజనే వేదిక మీదికొచ్చింది.
పొగకి మూడో వరస మొత్తం దగ్గింది.
యువరాజు బండెక్కాడో లేదో ఎవరికీ కనిపించలేదు.
జనం చప్పట్లు కొట్టి తిన్నగా మూత్రశాలకి నడిచారు.

పత్రికలవాళ్ళ కొలతలు వాళ్ళకుంటాయి. నాది ఇది:
తెర పడ్డాక మొదటి డబ్బా అమ్ముడుపోవడానికి
ఎంతసేపు పట్టింది?
వెంటనే లేచారంటే పాట చెవి దాకే వెళ్ళింది.
నిమిషం ఆగితే ఫరవాలేదు.
పక్కవాళ్ళ మొహం కూడా చూడకుండా రెండు నిమిషాలు కూర్చుండిపోతే
ఆ రాత్రి నాకు నష్టం.
ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళే నష్టం.

స్పాట్‌లైటు తిప్పే ఇద్రిస్ ప్రతి డిసెంబరులో అడుగుతాడు,
"ఒక్కసారి రెండో సగం చూడు డిలిస్, టికెట్టు నాది."
ఎగిరినవాళ్ళు కిందికి దిగడం చూడ్డానికి టికెట్టెందుకు?
ఆ భాగం ఇంట్లో చూశాను.

అన్నిట్లోకీ నాకు నచ్చింది పదకొండు రాత్రులే ఆడింది.
దీపస్తంభం కాపలావాడి పెళ్ళాం కథ.
జెండాల్లేవు, బృందం లేదు.
ఆమె బల్ల మీద ఇద్దరికి కంచాలు పెట్టింది.
పైన దీపం తిరుగుతోంది,
ఆమె మొహం తుడుచుకుంటూ వెళ్ళి, మళ్ళీ వచ్చి.
ఒక కంచం తీసి అరలో పెట్టేసింది.
కుర్చీ ఎక్కింది. కుర్చీ మీంచి బల్ల.
అంచు దాకా నడిచి ఒక కాలు గాల్లోకి చాచి,
పాటలో "నేను" అన్న మాట దగ్గర ఆగింది.
కర్త ఉంది, క్రియ రాలేదు.
చీకటి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
బాల్కనీలో ఎవరో ముక్కు చీదారు, అంతే.
పద్నాలుగు డబ్బాలు కరిగి వెనక్కొచ్చాయి.
మేనేజరు హ్యూ లెక్క చూసి, నన్ను చూశాడు.
"ఏమైంది?"
"తెర పడింది" అన్నాను.

పదకొండో రాత్రి, మంబుల్స్ వెళ్ళే ఆఖరి బస్సులో
నా వెనక సీటావిడ పక్కావిడతో మొదలుపెట్టింది.
"అంతా బాగానే ఉంది గానీ, చివర్లో ఆమె అలా..."

గంట నొక్కేశాను.
నా స్టాపుకి ఇంకా రెండు స్టాపులుంది. బయట వాన.
సముద్రాన్ని ఎడమ పక్క పెట్టుకుని నడిచాను.
దూరంగా కొండ కొసన నిజం దీపం మినుకుతోంది.
ఆమె ఇంకా బల్ల అంచునే, ఒక కాలు గాల్లో.
నా బూట్లలోకి నీళ్ళొచ్చాయి.
ఎవరూ నాకేమీ చెప్పలేదు.